తపస్సు కాలంలో మానేసిన దాని చోట ఏం పెట్టుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సు కాలం (లెంట్) మొదలయ్యే విభూతి బుధవారం నాడు ఏటా ఏదో ఒకటి మానేస్తున్నారు. ఒక ఏడాది స్వీట్లు, ఒక ఏడాది కాఫీ, పోయిన ఏడాది ఫోన్లో వీడియోలు. మూడో వారానికల్లా పట్టు సడలిపోతోంది. పంతం పట్టి ఈస్టర్ దాకా లాక్కొచ్చినా మర్నాడే పాత అలవాటు మళ్లీ మొదలు. ఉద్యోగం ఉంది, చిన్నపిల్లలున్నారు, రోజూ చర్చికి వెళ్లే వీల్లేదు. ఈ నలభై రోజుల్ని పేరుకు కాకుండా మనసుకు పట్టేలా గడపడం ఎలా?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీరు ఎంచుకున్న వాటిలో లోపమేమీ లేదు. ఏదైనా మానేసినప్పుడు మూడు మిగులుతాయి: కొంత సమయం, కొంత డబ్బు, కొంత వెలితి. అవి ఎటు వెళ్లాలో ముందే తేల్చుకోకపోతే వాటి దారి అవి చూసుకుంటాయి. కాఫీ మానేసిన మనిషి టీ పెంచుతాడు. వీడియోలు మానేసిన మనిషి అదే ఫోన్లో వార్తలు చదువుతూ కూర్చుంటాడు. పైకి త్యాగం జరిగినట్టే ఉంటుంది, లోపల ఏమీ కదలదు.

అందుకని ఒక్కటే మానండి. అది మిగిల్చిన సమయాన్ని ఒక్క ప్రార్థనకు, అది మిగిల్చిన డబ్బును ఒక్క అవసరానికి ముందే కేటాయించండి. మూడింటినీ ఒకే చీటీ మీద రాసి బైబిల్లో పెట్టుకోండి.

ఇది నేను కొత్తగా కల్పించింది కాదు. మత్తయి 6వ అధ్యాయంలో యేసు దానం, ప్రార్థన, ఉపవాసం ఒకదాని వెంట ఒకటి చెప్తాడు. విభూతి బుధవారం నాడు చాలా క్రైస్తవ సంఘాల్లో చదివేది ఆ భాగమే. ప్రార్థన దేవుడి దాకా ఎగరాలంటే ఉపవాసం, దానం అనే రెండు రెక్కలు కట్టమని తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకుడు సాధు అగస్టీన్ చెప్పాడు. మనం మాత్రం ఆ మూడింటిలో ఉపవాసాన్ని విడదీసి, అందులోంచి కూడా స్వీట్ల డబ్బాను మాత్రమే పట్టుకున్నాం.

లెక్క విషయం ఒక్క మాటలో. కొందరు తపస్సు కాలం అంటారు, కొందరు శ్రమకాలం అంటారు, లెంట్ అన్నా అదే. పాశ్చాత్య సంప్రదాయంలో విభూతి బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 రోజులు. వాటిలో 6 ఆదివారాలు. ప్రతి ఆదివారం పునరుత్థానపు పండుగే కాబట్టి వాటిని ఉపవాసంలో లెక్కించరు. 46లోంచి 6 పోతే 40. 2027లో విభూతి బుధవారం ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న వస్తాయి. ఆర్థడాక్స్ సంఘాల లెక్క వేరు: వాళ్లు సోమవారం నాడు మొదలుపెడతారు, ఆదివారాల్ని కూడా కలిపే లెక్కపెడతారు. ఇక లెంట్ పాటించమని బైబిల్లో ఆజ్ఞ ఎక్కడుంది అని కొందరు అడుగుతారు. నిజమే, లేదు. పాటించని సంఘాలూ ఉన్నాయి. యేసు అరణ్యంలో గడిపిన నలభై రోజుల్ని తలచుకుంటూ ఈస్టర్‌కు సిద్ధపడే ఏర్పాటు ఇది. 325లో జరిగిన క్రైస్తవ బిషప్పుల నికేయ సభ తీర్మానాల్లోనే ఈ నలభై రోజుల ప్రస్తావన ఉంది. పాటించడం గొప్పా కాదు, పాటించకపోవడం నేరమూ కాదు.

ఏం మానాలో ఎలా ఎంచుకోవాలి

నలుగురూ మానేదాన్ని మానకండి. మొదలవడానికి ముందు మూడు రోజులు మిమ్మల్ని మీరు గమనించుకోండి. విసుగొచ్చినప్పుడు, అలసిపోయినప్పుడు, ఎవరైనా మాట అన్నప్పుడు మీ చెయ్యి దేని మీదికి పోతోంది? ఫ్రిజ్ తలుపు మీదికా, ఫోన్ మీదికా, షాపింగ్ యాప్ మీదికా? దేవుడితో మాట్లాడాల్సిన క్షణంలో దేనితో సర్దుకుపోతున్నారో అదే మీరు ఈసారి మానాల్సింది. స్వీట్ల మీద పెద్ద మక్కువ లేని మనిషి స్వీట్లు మానితే ఒరిగేదేమీ లేదు.

ఎంచుకున్నదాన్ని మూడు పరీక్షలకు పెట్టండి. అది రోజూ ఎదురయ్యేదై ఉండాలి. పదిహేను రోజులకోసారి తినేదాన్ని మానితే దాని లోటే తెలియదు. మానానో లేదో అవునూ కాదూ అని రాత్రికి తేల్చి చెప్పగలగాలి. ‘కోపం తగ్గించుకుంటా’ అంటే కొలిచేదెలా? దాని భారం ఇంట్లో ఇంకొకరి మీద పడకూడదు. మీ ఉపవాసం కోసం ఇంకొకరు రెండుసార్లు వంట చేయాల్సి వస్తే ఆ తపస్సు వాళ్లది, పేరు మీది.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. అబద్ధాలు, బూతులు, చాడీలు, అశ్లీల వీడియోలు ‘లెంట్ కోసం మానేస్తున్నా’ అంటారు. పాపాన్ని నలభై రోజులకు మానేదేముంది, అది ఎప్పటికీ వదలాల్సిందే. ఉపవాసం మంచివాటికి సంబంధించినది. భోజనం మంచిదే, కబుర్లు మంచివే, పాటలు మంచివే. వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టి, అవి లేకపోయినా నాకు దేవుడు చాలునా అని చూసుకుంటాం. పాపాన్ని ఈ జాబితాలో కలిపితే ఈస్టర్ మర్నాడు దానికి సెలవు ముగిసినట్టే అవుతుంది. ఆదివారం సడలింపు కూడా భోజనానికి, వినోదానికే.

మద్యం గురించి ఒక హెచ్చరిక. ఎప్పుడో తాగేవాళ్లు మానేస్తే ఇబ్బందేమీ లేదు. రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛ, మతిభ్రమణం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అటువంటివాళ్లు విభూతి బుధవారం కోసం ఆగకుండా ముందే డాక్టర్‌ను కలవాలి.

ఉపవాసం: ఎంత, ఎలా

కథోలిక సంఘంలో కనీస నియమం ఇది: విభూతి బుధవారం, శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఉపవాసం, ఆ రెండు రోజులూ, తపస్సు కాలంలోని శుక్రవారాలూ మాంసం ముట్టరు. మాంసం మానే నియమం 14 ఏళ్లు నిండినవాళ్లకు, ఉపవాసం 18 నిండినప్పటి నుంచి 59 నిండేదాకా. ఉపవాసం అంటే ఒక్కపూట పూర్తి భోజనం, మిగతా రెండు పూటలా ఏదో కాస్త. ఆ రెండూ కలిపినా ఒక పూర్తి భోజనం కాకూడదు. బిషప్పుల మండలి కొన్ని చోట్ల దీనికి మార్పులు చేస్తుంది కాబట్టి మీ విచారణలో, అంటే మీ స్థానిక చర్చిలో, ఒకసారి అడగండి. ఆర్థడాక్స్ నియమం ఇంతకంటే చాలా కఠినం, మాంసంతో పాటు గుడ్లు, పాలు, వెన్న కూడా వదిలేస్తారు. మిగతా సంఘాల్లో చాలావరకు ఎవరి నిర్ణయం వాళ్లదే.

కనీసం కంటే ఎక్కువ చేయాలనుకుంటే వారంలో ఒక రోజు, ఒక పూట వదలడంతో మొదలుపెట్టండి. మధ్యాహ్న భోజనం వదలడం ఉద్యోగస్తులకు అనువుగా ఉంటుంది, ఆ అరగంట చేతికొస్తుంది. నీళ్లు మాత్రం మానకండి. తలనొప్పి, కళ్లు తిరగడం చాలాసార్లు నీళ్లు తక్కువై వచ్చేవే. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు వదిలేసిన పూటది కూడా కలిపి తినడం అందరూ చేసే తప్పు. మామూలు భోజనమే తినండి, నిదానంగా.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, షుగర్ తగ్గించే మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఒకప్పుడు తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడినవాళ్లు పూటలు వదలకూడదు. ఇది విశ్వాసం తక్కువై కాదు, ఇలాంటివాళ్లకు సంఘమే మినహాయింపు ఇస్తుంది. వాళ్లు రుచిని వదలవచ్చు: పైన వేసుకునే చక్కెర, వేపుళ్లు, చిరుతిళ్లు. మందులు వేసుకోవాల్సిన సమయం మార్చకండి.

కాఫీ మానాలనుకుంటే ఒక్క రోజులో ఆపకండి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై, రెండో రోజుకు తీవ్రమై, కొందరికి వారం పైగా ఉంటుంది. మొదటి వారమంతా పిల్లల మీద కసురుకుంటూ గడిచిపోతే ఆ తపస్సు ఫలం వాళ్లు అనుభవించినట్టే. పది రోజుల ముందు నుంచి రెండు మూడు రోజులకోసారి కొంత తగ్గిస్తూ రండి. లేదా రెండు కప్పులు తాగేచోట ఒకటి ఉంచుకోండి, రెండోదాన్ని వదలండి. ఆ రెండో కప్పు వేళ మీ ప్రార్థన వేళ.

ఎవరైనా భోజనానికి పిలిచిన రోజు ఏం చేయాలి? పెట్టింది తినండి. 4, 5 శతాబ్దాల నాటి ఐగుప్తు (ఈజిప్టు) ఎడారి సన్యాసులు అతిథి వస్తే తమ ఉపవాసం ఆపి కలిసి భోంచేసేవారని, వాళ్ల మధ్య గడిపిన జాన్ కాసియన్ రాశాడు. ఉపవాసం ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది, అతిథి వెళ్లిపోతాడు అన్నది వాళ్ల లెక్క. శుభ శుక్రవారం లాంటి నియమిత దినాలైతే ముందే చెప్పి వేరే రోజు వెళ్లవచ్చు.

ఫోన్ విషయంలో ‘తక్కువ చూస్తా’ అనే తీర్మానం నిలబడదు. గడియారం పెట్టండి, చోటు మార్చండి. రాత్రి 9 నుంచి ఉదయం ప్రార్థన అయ్యేదాకా ఫోన్ పడకగదిలో ఉండకూడదు, వంటింట్లో ఛార్జింగ్ పెట్టండి. అలారం కోసం మామూలు గడియారం తెచ్చుకోండి. ఈ ఒక్క ఏర్పాటు లేకనే చాలామంది మొదటి వారంలో ఓడిపోతారు, ఎందుకంటే అలారం ఆపడానికి ఫోన్ తీసిన చెయ్యి మెసేజీల దాకా వెళ్లి గానీ ఆగదు. రోజుకు 45 నిమిషాలు మిగిలినా 40 రోజులకు 30 గంటలు. నాలుగు సువార్తల్నీ నిదానంగా పైకి చదువుకున్నా ఇంకా సమయం మిగిలిపోతుంది.

పదిహేను నిమిషాల ప్రార్థన

రోజూ చర్చికి వెళ్లే వీల్లేదన్నారు. ఇంట్లో 15 నిమిషాలు చాలు, కానీ ఒకే చోట, ఒకే వేళ. ‘వీలైనప్పుడు’ అనే వేళ రాదు. పిల్లలు లేవకముందు, లేదా వాళ్లు స్కూలుకు వెళ్లిన వెంటనే, లేదా ఆఫీసులో మధ్యాహ్నం. గంట ప్రార్థన చేస్తానని మొదలుపెట్టి రెండో వారంలో ఆపేవాళ్ల కంటే పావుగంట పట్టుకున్నవాళ్లే చివరిదాకా వస్తారు.

మొదటి 2 నిమిషాలు ఊరికే కూర్చోండి, ఊపిరి నెమ్మదించనివ్వండి. తర్వాత 5 నిమిషాలు సువార్త భాగం రెండుసార్లు చదవండి, రెండోసారి పెదవులు కదిలేలా. ఇంకో 5 నిమిషాలు, మీ దృష్టి ఎక్కడ ఆగిందో ఆ మాట దగ్గరే ఉండండి. ఇది ఈరోజు నన్ను ఏం అడుగుతోంది అన్నదొక్కటే ప్రశ్న. చివరి 3 నిమిషాలు మీ సొంత మాటల్లో జవాబు చెప్పి పరలోక ప్రార్థనతో ముగించండి.

ఏం చదవాలంటే మార్కు సువార్త తీసుకోండి, చిన్నది, చురుగ్గా నడుస్తుంది. మొదటి 13 అధ్యాయాల్లో దాదాపు 540 వచనాలు. మట్టల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) ముందు దాకా, ఆదివారాలు వదిలేస్తే, మీకు 34 రోజులుంటాయి. రోజుకు 16 వచనాలు చదివితే సరిపోతుంది. యేసు శ్రమల చరిత్ర ఉన్న 14, 15 అధ్యాయాల్ని ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారానికి ఉంచండి. ముందుకు పరుగెత్తకండి.

చదివేది ఎలా తాకుతుందో చూపించడానికి మార్కు బయట నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటాను, లూకా 19లో జక్కయ్య అనే పన్ను వసూలుదారు. యేసును చూడటానికి చెట్టెక్కడం అందరికీ గుర్తుంటుంది. రెండోసారి చదివినప్పుడు ఆయన మాటలు చూడండి. ఆస్తిలో సగం పేదలకిస్తున్నాను, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగిస్తాను అంటాడు. గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడు నాలుగు గొర్రెలివ్వాలని నిర్గమకాండం 22వ అధ్యాయం చెప్పిన శిక్షను తనకు తానే వేసుకుంటున్నాడు. ‘ఇకనుంచి మంచిగా ఉంటా’ అనలేదు, లెక్క చెప్పాడు. ఆ లెక్క దగ్గర ఐదు నిమిషాలు కూర్చుంటే, నేను ఎవరికి ఏం బాకీ ఉన్నాను అనే ప్రశ్న దానంతటదే వస్తుంది. తీసుకుని తిరిగివ్వని చేబదులు, పనిమనిషికి ఆలస్యం చేసిన జీతం, ఒకరి పని మన పేరు మీద చెప్పుకున్న సందర్భం. ఆ రోజుకు ప్రార్థన ఫలం ఆ ఒక్క పేరు కాగితం మీద రాసుకోవడం.

రాత్రి పడుకునే ముందు ఇంకో 3 నిమిషాలు దొరికితే ఆ రోజును వెనక్కి తిప్పి చూసుకోండి. ఎక్కడ కృతజ్ఞత, ఎక్కడ తప్పు, రేపు ఏది సరిదిద్దుకోవాలి. జెస్యూట్ సభను స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్ బోధించిన ఆత్మపరిశీలన స్థూలంగా ఇదే.

మొదటి వారం ప్రార్థన పొడిగా, మాట రాకుండా ఉంటే కంగారు పడకండి. వీడియోలతో నిండిన మనసు ఒక్కసారి నిశ్శబ్దంలో కూర్చుంటే గోలే వినిపిస్తుంది. మాటలు రానప్పుడు 51వ కీర్తన తీసి మెల్లగా చదవండి, తరతరాలుగా ఈ రోజుల్లో విశ్వాసులు చేస్తున్న పశ్చాత్తాప ప్రార్థన అది.

దానం: కవరు ఎదురుగా ఉండాలి

ఇక్కడ ఎక్కువమంది జారిపోతారు. మానేశారు, డబ్బు మిగిలింది అనుకున్నారు, కానీ ఆ డబ్బు జేబులోంచి బయటకు రాలేదు, నెలాఖరుకు ఇంకేదో ఖర్చులో కలిసిపోయింది. రోజుకు రెండు కప్పుల కాఫీ మానితే 40 రోజులకు 80 కప్పులు. ఏ రోజు డబ్బు ఆ రోజే ఒక కవరులో వేయండి. నోట్లు వాడకపోతే ప్రతి శనివారం వారం మొత్తాన్ని వేరే ఖాతాకు పంపండి. కవరు మీద ముందే పేరు రాయండి, ‘పేదలకు’ అని కాకుండా ఫలానా కుటుంబం, ఫలానా విద్యార్థి ఫీజు, ఫలానా ఆశ్రమం అని. పేరున్న కవరులోంచి డబ్బు వెనక్కి తీయడం కష్టం.

ఈస్టర్ దాకా ఆగి ఒకేసారి ఇవ్వాలని కూర్చోకండి. నాలుగో ఆదివారానికి సగం ఇచ్చేయండి. అవసరంలో ఉన్నవాళ్లకు మన క్యాలెండర్‌తో పని లేదు. యెషయా 58వ అధ్యాయం కూడా ఒకసారి చదవండి. ఉపవాసం చేస్తూనే పనివాళ్లను పీడించేవాళ్లను ప్రవక్త నిలదీస్తాడు. ఆకలిగొన్నవాడికి నీ అన్నం పెట్టడం, దిక్కులేనివాళ్లను ఇంట చేర్చుకోవడం నేను కోరిన ఉపవాసం అని దేవుడు చెప్పినట్టు ప్రకటిస్తాడు. తపస్సు కాలం గురించి నేను చెప్పేదంతా ఆ అధ్యాయంలో ఉంది.

డబ్బు బదులు సమయం ఇస్తానంటే మంచిదే, ఒక జాగ్రత్తతో. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లను చూడటానికి నలభై రోజులు వారం వారం వెళ్లి, ఈస్టర్ తర్వాత ముఖం చాటేస్తే వాళ్ల ఒంటరితనం ఇంకా పెరుగుతుంది. నెలకొక్కసారి వెళ్లగలిగితే నెలకొక్కసారే వెళ్లండి, కానీ ఏడాదంతా వెళ్లండి.

సఖ్యపడటం

దీన్ని ఎవరూ జాబితాలో రాసుకోరు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. మాటలు తెగిపోయిన అన్నదమ్ముడో, ఆడపడుచో, పాత స్నేహితుడో మీ ప్రార్థనలో తప్పకుండా గుర్తుకొస్తారు. మొదటి రెండు వారాలు ఆ మనిషి కోసం రోజూ ప్రార్థించండి, అంతే. మూడో వారంలో చిన్న పలకరింపు, బాగున్నారా అని. పాత గొడవ ఎత్తకండి. మీ తప్పు ఉంటే నాలుగో వారంలో కలిసో ఫోన్లోనో చెప్పండి: ‘ఫలానా రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది, క్షమించండి.’ ఆ వాక్యం తర్వాత ‘కానీ మీరు కూడా’ అని వచ్చిందంటే క్షమాపణ చెడిపోయినట్టే. అవతలివాళ్లు స్పందించకపోతే ఒత్తిడి చేయకండి. మిమ్మల్ని హింసించిన మనిషి విషయంలో ఈ సలహా వర్తించదు. క్షమించడానికి వాళ్ల ఎదుటికి వెళ్లాల్సిన అవసరం లేదు, మీ భద్రత ముందు.

కథోలికులైతే పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, పవిత్ర వారం దాకా ఆగకండి, అప్పుడు వరుసలు పొడుగ్గా ఉంటాయి, ఫాదర్‌కు మీతో నిదానంగా మాట్లాడే తీరిక ఉండదు. రెండో, మూడో వారంలో వెళ్లండి.

తప్పిపోయిన రోజు

తప్పిపోతుంది. దాన్ని ముందే లెక్కలో వేసుకోండి. మూడో వారం ఎందుకు కష్టమంటే, మొదట్లో ఉన్న ఉత్సాహం అయిపోయి ఉంటుంది, ఈస్టర్ ఇంకా కనుచూపు మేరలో ఉండదు. ఆ వారంలో ఒక రోజు మర్చిపోతారు, ‘ఎలాగూ పోయింది’ అనుకుంటారు, అక్కడితో మొత్తం ఆగిపోతుంది. తప్పిన రోజు కంటే ఆ ‘ఎలాగూ’ ఎక్కువ నష్టం చేస్తుంది.

తప్పిన పూట నుంచి తర్వాతి పూటకే తిరిగి మొదలుపెట్టండి. మర్నాటికో, వచ్చే సోమవారానికో వాయిదా వేయకండి. శిక్షగా రెండింతలు చేయకండి, అది రెండు రోజుల్లో విరుగుతుంది. వరుసగా మూడుసార్లు తప్పితే మీరు పెట్టుకున్న బరువు ఎక్కువన్నమాట. సగానికి తగ్గించండి, ఆపకండి. యేసు పట్టుబడ్డ రాత్రి గెత్సేమనే తోటలో శిష్యులు మూడుసార్లు నిద్రపోతే యేసు మూడుసార్లూ వాళ్ల దగ్గరికి తిరిగొచ్చాడు.

ప్రతి ఆదివారం పది నిమిషాలు చీటీ తీసి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎన్ని రోజులు నిలిచాను? కవరులో డబ్బు పడిందా? ఇంట్లోవాళ్ల పట్ల నేను మెత్తబడ్డానా, గరుకెక్కానా? మూడోదానికి జవాబు మీ జీవిత భాగస్వామిని అడగండి. ఉపవాసంతో చిరాకు పెరుగుతోందని వాళ్లంటే పద్ధతి మార్చాల్సిందే.

ఎవరికి చెప్పాలి? ఇంట్లోవాళ్లకు వంట కోసం చెప్పక తప్పదు. ఆపై ఒక్క స్నేహితుడికో, మీ ఫాదర్‌కో పాస్టర్‌కో చెప్పండి, వారానికోసారి అడగమనండి. ఇంకెవరికీ వద్దు, స్టేటస్‌లో అసలే వద్దు. ఉపవాసం చేసేటప్పుడు తలకు నూనె రాసుకుని, ముఖం కడుక్కోమన్నాడు యేసు. మామూలుగా కనిపించడం కూడా ఆ సాధనలో భాగం.

చిన్నపిల్లలున్నారన్నారు కాబట్టి వాళ్ల గురించి క్లుప్తంగా. వాళ్లచేత పూటలు మాన్పించకండి. వారానికొక పని ఇవ్వండి: ఒక బొమ్మ ఇచ్చేయడం, తాతయ్యకు ఫోన్ చేయడం, ఒక రాత్రి టీవీ కట్టేసి దీపం వెలుగులో కథలా సువార్త వినడం. కవరులో డబ్బు వాళ్ల చేత్తో వేయించండి. శుక్రవారం సాయంత్రం సిలువ మార్గానికి (యేసు సిలువ ప్రయాణాన్ని తలచుకునే ప్రార్థన) తీసుకెళ్లగలిగితే సరే, 14 స్థలాలూ చిన్నపిల్లలకు ఎక్కువనిపిస్తే ఇంట్లో రెండు మూడు బొమ్మలు చూపించి చెప్పినా చాలు.

పవిత్ర వారం

మిగతా రోజులన్నీ సరిగ్గా సాగకపోయినా ఈ వారాన్ని మాత్రం కాపాడుకోండి. వీలైతే గురు, శుక్రవారాలకు సెలవు ముందే పెట్టుకోండి. పండుగ కొనుగోళ్లు, ఇల్లు సర్దడం అంతకుముందు వారంలోనే ముగించండి. ఇవి చివరికి మిగిలితే శనివారం మొత్తం బజార్లోనే గడుస్తుంది.

సోమ, మంగళ, బుధవారాలు మూడు రోజులూ ఒకే భాగం చదవండి, మార్కు 14లో మొదటి 11 వచనాలు. ఒక స్త్రీ అత్తరు బుడ్డి పగలగొట్టి యేసు తల మీద పోస్తుంది. దాని ఖరీదు 300 దేనారాలకు పైమాటే అని చుట్టూ ఉన్నవాళ్లు గొణుగుతారు. దేనారం అంటే ఒక రోజు కూలి, అంటే దాదాపు ఏడాది సంపాదన ఆ క్షణంలో ఒలికిపోయింది. ఆమె తను చేయగలిగింది చేసింది అంటాడు యేసు. ఆ వెంటనే వచ్చే వచనాల్లో శిష్యుడైన యూదా వెళ్లి ఆయన్ని పట్టించడానికి బేరం కుదుర్చుకుంటాడు. ఒకే పుటలో రెండు చేతులు: ఒకటి లెక్క చూడకుండా ఒలకబోస్తోంది, ఒకటి లెక్కపెట్టుకుంటోంది. మొదటి రోజు ఆ స్త్రీని చూడండి, రెండో రోజు గొణిగినవాళ్లను, మూడో రోజు యూదాను. మూడు రోజుల్లో మీరు ఎక్కడున్నారో మీకే తెలుస్తుంది.

గురువారం రాత్రి 14వ అధ్యాయం మిగిలినదంతా. శుక్రవారం 15వ అధ్యాయం 41వ వచనం దాకా, మధ్యాహ్నం 3 గంటల వేళ. శనివారం సమాధి చేసిన చివరి ఆరు వచనాలే, ఆ రోజు పాటలూ మాటలూ తగ్గించండి. 16వ అధ్యాయం ఈస్టర్ ఉదయం వరకు తెరవకండి.

ఈస్టర్ తర్వాత ఏమవుతుందనే కదా మీ అసలు బాధ. ఈస్టర్ రోజు మానేసినదాన్ని సంతోషంగా తినండి, తాగండి, అది పండుగ. సోమవారం చీటీ తీసి, మూడింటిలో ఒక్కదాన్ని మాత్రమే ఎంచుకోండి, ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకోస్తు పండుగ దాకా కొనసాగించడానికి. నన్నడిగితే ప్రార్థన వేళను ఉంచుకోండి, కాఫీని తిరిగి తెచ్చుకోండి. కవరును ఖాళీ చేసి అదే చోట పెట్టండి, కొత్త పేరు రాసి.

మీరు ఇది చదివేసరికి లెంట్ సగం గడిచిపోయి ఉంటే మళ్లీ ఏడాది ఆగకండి. మిగిలిన రోజుల్ని లెక్కపెట్టుకోండి, 15 రోజులుంటే 15 రోజులకే చీటీ రాయండి, మార్కు సువార్తను 11వ అధ్యాయం నుంచి పట్టుకోండి. ఏం మానాలో తేలకపోతే మీ రోజు ఎలా గడుస్తుందో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.